ఫోటో దిగడం

నిరుడు వానాకాలం నాట్లప్పుడు నేనొక ఫోటో తీశాను. గౌడవెల్లిలో ఇంకా ప్లాట్లు కాకుండా మిగిలిన వరి మళ్ళలో ఒకదాని గట్టు మీద నిలబడి తీశాను. ఏడుగురు ఆడవాళ్ళు వరసగా వంగి నాటు వేస్తున్నారు. చీరల మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కాలు తొడుక్కున్నారు. బురదనీళ్ళలో మబ్బు కనిపిస్తోంది. వెనక ఒక వెంచరు వాళ్ళ బోర్డు, సగం లేచిన అపార్టుమెంటు అడ్డం వచ్చాయి. ఇంటికొచ్చాక వాటిని కోసేశాను. మూలన సన్నటి అక్షరాలతో నా పేరు వేసుకున్నాను.

ఫోన్లో మాకొక చిన్న జట్టు ఉంది. పదకొండు మంది ఆడవాళ్ళం. కొందరు రిటైరైన లెక్చరర్లు, ఇద్దరు కథలు రాస్తారు, ఒకామె డాక్టరు, ఒకామె డాలస్‌లో మనవరాల్ని చూసుకుంటూ ఉంటుంది. ఎవరికీ ఫోటోగ్రఫీ వృత్తి కాదు. ప్రతి ఆదివారం ఆ వారం తీసినవాటిలో ఒక్కటి ఏరి మిగతావాళ్ళకి పంపాలన్నది మా నియమం. ఆ ఆదివారం నా ఫోటోకి వచ్చినంత మెప్పు అంతకుముందు ఏ ఫోటోకీ రాలేదు. ఒక మిత్రురాలు "శ్రమ సౌందర్యం" అంది. ఇంకొకామె పోటీకి పంపమంది. అరవై దాటిన నాకు సంతోషం ఆగలేదు. అబద్ధం ఎందుకు, రెండు రోజులు నేనే దాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత ఆ ఏడుగురిలో పెద్దామె కిరాణా కొట్టు దగ్గర కలిసింది. గొప్పగా ఫోను తీసి చూపించాను. ఆమె ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది, పక్కనున్న ఇద్దరికీ చూపించింది.

"ఇందుల మేమేడున్నం మేడం? అన్నీ పిర్రలే ఉన్నయ్ గద!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాననుకోండి. ఫోను తిరిగి ఇస్తూ ఆమె ఇంకో మాట అంది. "తీస్తె తీసినవ్ గనీ, ఒక్క మాట చెప్తే మంచిగ దిగుతుంటిమి గదా."

ఈ వ్యాసం ఆ రెండో మాట గురించి.

మన భాషలో ఫోటోకి రెండు క్రియలున్నాయి. కెమెరా పట్టుకున్నవాళ్ళు ఫోటో తీస్తారు. కెమెరా ముందు నిలబడ్డవాళ్ళు ఫోటో దిగుతారు. "మేం చార్మినార్ దగ్గర ఫోటో దిగాం" అంటాం. ఎవరు తీశారన్నది ఆ వాక్యంలో లేనే లేదు. దిగినవాళ్ళే కర్తలు. పోజు పెట్టడం అన్నప్పుడు అందులో కొంచెం వెక్కిరింత, కొంచెం నటన ఉంటాయి. దిగడంలో ఆ నింద లేదు. బావిలోకి దిగినట్టు, పొలంలోకి దిగినట్టు, బరిలోకి దిగినట్టు, మనిషి తెలిసి, తయారై, ఒళ్ళంతటితో చేసే పని అది. ఇన్నేళ్ళు తెలుగు మాట్లాడి, తెలుగు చెప్పి కూడా ఈ తేడా నేను పట్టించుకోలేదు. పెద్దామె పట్టించుకుంది. ఆమె ఫిర్యాదు నేను ఫోటో తీసినందుకు కాదు, తనని దిగనివ్వనందుకు.

నేను కెమెరా దాకా ఎలా వచ్చానో కొంచెం చెప్పాలి. ఎనభైల్లో మా ఇంట్లో ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది. మా ఆయన తన అన్నగారి దగ్గర నుంచి తెచ్చుకున్నది. రీలుకి పన్నెండు ఫోటోలు. పన్నెండే కాబట్టి అవి ఎవరి చేతిలో పడితే వాళ్ళు నొక్కేవి కావు. "నీకు రాదు, రీలు వృథా అవుతుంది" అనేవారు. ఆయన చెడ్డవాడని కాదు, ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో కెమెరా కూడా స్కూటర్ లాంటిదే. మా పాత ఆల్బంలో ఆయన దాదాపు ఎక్కడా కనపడరు. ఏ ఫోటో చూసినా మాత్రం "కొంచెం ఇటు తిరుగు, పిల్లాణ్ణి సరిగా ఎత్తుకో, నవ్వు" అన్న ఆయన గొంతే నాకు వినపడుతుంది. ఆ ఆల్బం నిండా నేనే. ఒక్కటీ నేను తీసింది కాదు.

ఉద్యోగం అయిపోయి గౌడవెల్లి వచ్చాక ఫోన్లో తీయడం మొదలుపెట్టాను, ఏడాదికి ఒక చిన్న కెమెరా కొనుక్కున్నాను. ఆ ఆనందాన్ని తక్కువ చేసి చెప్పను. తెల్లారి స్టేషన్ వైపు నడుస్తాను. నిజాం కాలంలో వేసిన నిజామాబాద్ లైను అది. 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాద్, మేడ్చల్ మధ్య ఎంఎంటీఎస్ కూడా దాని మీద నడుస్తోంది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ద్రాక్ష తోటలకి పేరు. తోటలు పోయాయి. పందిళ్ళకి పాతిన రాతి కడీలు అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. ఒక కడీ మీద పాలపిట్ట వచ్చి వాలే క్షణం కోసం నేను నలభై నిమిషాలు నిలుచున్న రోజుంది. ఎవరికీ వండక్కర్లేకుండా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా ఒక ఆడది నలభై నిమిషాలు ఊరికే నిలబడి చూడటం! నా తల్లి జీవితంలో అలాంటి నలభై నిమిషాలు ఉన్నాయో లేదో నాకు అనుమానమే. అందుకే ఔత్సాహిక ఫోటోగ్రఫీని కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ. చూడటానికి తీరిక దొరకడం కూడా మనం అడగాల్సిన వాటిలో ఒకటి.

ఆ తీరికతో నేను ఏం చూశానన్నదే చిక్కు. పెద్దామె మాట తర్వాత నా ఫోటోలన్నీ ముందేసుకున్నాను. మా జట్టు వాళ్ళవీ చూశాను. ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం చుట్టుపక్కల జరిగే ప్రదర్శనలకి వెళ్ళాను. అన్నిచోట్లా అవే బొమ్మలు. నాట్లు వేసే వీపులు. చుట్ట కాల్చే ముసలామె, ముఖం నిండా ముడతలు, నలుపు తెలుపులో. అద్దాల రవికె లంబాడీ స్త్రీ. తలల మీద బోనాలు, పై నుంచి తీసిన బతుకమ్మల వలయం. ఇటుక బట్టీ దగ్గర పసిపిల్ల కళ్ళు. కింద తీసినవారి పేరు, కెమెరా మోడలు, కొన్నిచోట్ల షట్టర్ వేగం కూడా ఉంటాయి. లోపలి మనిషికి పేరుండదు, 'ఆలోచన', 'ఎదురుచూపు', 'బతుకు పోరు' లాంటి శీర్షిక ఉంటుంది. వ్యక్తి పోయి భావం మిగులుతుంది.

ఇది మన సలోన్లు కనిపెట్టిన అలవాటు కాదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేసింది. కులాన్నీ తెగనీ మనిషి ముఖంలో నమూనాగా చూపించే పుస్తకం అది. ఆ చూపుని వెక్కిరిస్తూ పుష్పమాల ఎన్., క్లేర్ ఆర్నీతో కలిసి 2000-2004 మధ్య దక్షిణాది స్త్రీల 'నమూనాలు'గా తనే వేషం కట్టి ఫోటోలు దిగింది. అవును, దిగింది! మన ప్రదర్శనల్లో మాత్రం నమూనాలు ఇంకా నమూనాలుగానే ఉన్నాయి. పాపం, ఆ ఫోటోలు తీసినవాళ్ళు దుర్మార్గులేం కాదు, నాలాంటివాళ్ళే. పొద్దున్నే లేచి, సొంత ఖర్చుతో పోయి, ప్రేమగా తీసినవాళ్ళు.

ఇంకో సంగతి చూడండి. ఈ కొన్నేళ్ళుగా తెలంగాణలో చాలాచోట్ల బీహారు, బెంగాలు నుంచి వచ్చిన మగవాళ్ళ ముఠాలు నాట్లు వేస్తున్నాయి. మా వైపూ చూశాను. పోటీ ఫోటోల్లో మటుకు వాళ్ళు నాకు ఒక్కచోట కూడా కనపడలేదు. వంగిన మగ వీపు ఎవరికీ 'శ్రమ సౌందర్యం'గా తోచదు కాబోలు. అంటే మనం తీస్తున్నది నాట్లని కాదు. నాట్లు ఎలా ఉండాలని మన మనసులో ముందే ఉందో, దాన్ని. నేను వెంచరు బోర్డుని కోసేసిందీ అందుకే. ఆ ఏడుగురి కూలీ ఇంకెన్నాళ్ళుంటుందో చెప్పే ఒకే ఒక్క ఆధారం ఆ బోర్డు. దాన్ని అందానికి అడ్డమని తీసేశాను.

మనకి చూపు గురించి చెప్పిన సిద్ధాంతాలు లేకపోలేదు. 1975లో లారా మల్వీ సినిమాలో పురుషుడి చూపు గురించి రాసింది మనలో చాలామంది క్లాసుల్లో చెప్పాం. నా ఆల్బంలో మా ఆయన గొంతు వినపడటానికి ఆ వ్యాసం సరిపోతుంది. గట్టు మీద నిలబడ్డ నాకు సరిపోదు. అక్కడ చూసేదీ ఆడదే, చూడబడేదీ ఆడవాళ్ళే. మధ్యలో గట్టు ఉంది. దాని మీద చెప్పులతో నేనున్నాను, కింద మోకాలి లోతు బురదలో వాళ్ళున్నారు. కులం, చదువు, పింఛను, అన్నీ ఆ అడుగున్నర ఎత్తులోనే ఉన్నాయి.

జూలియా మార్గరెట్ కామెరాన్‌ని తీసుకోండి. కలకత్తాలో 1815లో పుట్టింది. 1863లో, నలభై ఎనిమిదో ఏట, కూతురూ అల్లుడూ కెమెరా బహుమతిగా ఇస్తే మొదలుపెట్టిన ఔత్సాహికురాలు. ఫోకస్ సరిగా లేదని ఆనాటి నిపుణులు ఎగతాళి చేసినా లెక్కచేయలేదు. మనకి దేవతలాంటి ఉదాహరణ. ఇంగ్లండులో ఆమె తీసిన టెన్నిసన్, డార్విన్, హెర్షెల్ పేర్లతో సహా చరిత్రలో ఉన్నారు. ఆమె ఇంటి పనిమనిషి మేరీ హిల్లియర్ పేరు కూడా మిగిలింది. 1875లో భర్త కాఫీ తోటలున్న సిలోన్‌కి వెళ్ళాక అక్కడి కూలీలనీ పల్లె జనాన్నీ తీసింది. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరో తెలీదు. తీసింది అదే స్త్రీ, అదే చెయ్యి.

మన హైదరాబాదుకే వస్తే, ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1892లో ఇక్కడ ఒక జనానా స్టూడియో పెట్టాడు. పరదా స్త్రీల కోసం ఎత్తైన గోడల మధ్య, మగవాళ్ళకి ప్రవేశం లేకుండా, మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీ అజమాయిషీలో నడిచింది. దీన్ని మనం ఎప్పుడూ పరదా కథగానే చెప్పుకుంటాం. నాకిప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. ఆ బేగంలు ఏ నగ పెట్టుకోవాలో తామే అనుకుని వచ్చి, ఒక ఆడమనిషి ముందు ఫోటో దిగారు. ఆ గోడలు వాళ్ళని బంధించాయి, నిజమే. వాళ్ళు దిగడానికి ఒక చోటునీ ఇచ్చాయి. అదే దీన్ దయాళ్ సంస్థ నిజాం ప్రభుత్వం ఔరంగాబాదు వైపు చేపట్టిన కరువు పనులనీ ఫోటోలు తీసింది. రోడ్డుకి రాళ్ళు కొట్టే కూలీలకి ఏ గోడా లేదు, ఏ మిసెస్ లెవిక్ కూడా లేదు. ఎండలో ఎలా ఉన్నవాళ్ళని అలా తీశారు. ఫోటో దిగే హక్కు కూడా అంతఃపురం దాకానే వచ్చి ఆగిపోయింది.

తీసే స్త్రీల పేర్లు పోవడం వేరే కథ, అది మనకి బాగా తెలిసిందే. హోమాయ్ వ్యారావాలా (1913-2012) తొలి ఫోటోలు భర్త మానెక్‌షా పేరు మీద అచ్చయ్యాయి. ఆ అన్యాయం గురించి నేనూ సభల్లో మాట్లాడాను. ఆ మధ్య నా నాట్ల ఫోటో నాకే తిరిగొచ్చింది, ఎవరో బంధువు పంపారు. పైన 'శుభోదయం' అని గులాబీ రంగు అక్షరాలు, కింద ఒక సూక్తి. నా పేరున్న మూల కోసేసి ఉంది. మా జట్టులోంచి ఎలాగో బయటికి పోయి ఊరంతా తిరిగొచ్చిందన్నమాట. నాకు ఒళ్ళు మండింది. హోమాయ్‌ని తలుచుకుని మరీ కోపం తెచ్చుకున్నాను. ఆ ఏడుగురి పేర్లు ఆ ఫోటో మీద ఎప్పుడూ లేవని గుర్తొచ్చేసరికి సాయంత్రమైంది.

పాస్తాపూర్ ఆడవాళ్ళు ఈ సమస్యని మనకన్నా చాలా ముందే, చాలా సూటిగా పట్టుకున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగాల్లో ఉన్న దళిత స్త్రీలు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, తొంభైల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. 2008లో సంగం రేడియో కూడా వాళ్ళే మొదలుపెట్టారు. కెమెరా కోణాలకి ఇంగ్లీషు పేర్లు చెబితే వాళ్ళు వాటిని తమ బతుకులోంచి మళ్ళీ పేరు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేలు కూలీని చూసేది అలాగే. కింద నుంచి పైకి చూసేది పటేలు ముందు నిలబడ్డ బానిస చూపు. కంటికి కన్ను సమానంగా ఉండేది సంగం షాట్, ఎందుకంటే సంగంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు. ఇది నేను మొదటిసారి విన్నప్పుడు ముచ్చటపడి, సెమినారు పేపర్లో ఒక వాక్యంగా వాడుకుని వదిలేశాను. ఇప్పుడు నా నాట్ల ఫోటోని దాని పక్కన పెడితే, అది పటేల్ షాట్ తప్ప ఇంకేమీ కాదు. సిద్ధాంతం తెలిసి ఉండటం వల్ల కాలు గట్టు దిగదు.

1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకి ఒకటి నేర్పింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటని వాళ్ళ మాటగానే వినడం. రాతలో అంత దూరం వచ్చాం. చిత్రంలో మాత్రం వాళ్ళ ముఖాన్ని వాళ్ళు పెట్టాలనుకున్నట్టు పెట్టనివ్వడానికి మనకి ఇంకా మొహమాటం. ఎందుకంటే మన రుచి ఒప్పుకోదు. నిటారుగా నిలబడి, చేతులు పక్కన పెట్టుకుని, సూటిగా కెమెరాలోకి చూసే ఫోటోని మనం పాస్‌పోర్టు ఫోటో అంటాం, పల్లెటూరి ఫోటో అంటాం. తెలియకుండా తీసిందే సహజం అంటాం. పియరీ బోర్దూ ఫ్రెంచి పల్లెల ఫోటోల మీద 1965లో వచ్చిన పుస్తకంలో దీనికి జవాబు చెప్పాడు. రైతులు ఫోటోలో ఎదురుగా నిటారుగా నిలబడేది చేతకాక కాదు. ఎదుటివాళ్ళకి మర్యాద ఇచ్చి, తమకూ మర్యాద అడుగుతున్నారు. ఇంటికొచ్చిన చుట్టానికి వీపు చూపించం కదా, అంతే. 'సహజం' అన్నది చూసేవాళ్ళ కోరిక. దిగేవాళ్ళ కోరిక గౌరవం.

అన్ని ఫోటోలూ అడిగే తీయాలని నేననడం లేదు. లాఠీ లేచినప్పుడు అనుమతి అడుగుతూ కూర్చుంటే చరిత్రకి సాక్ష్యం మిగలదు. 2022లో మరణించిన గుడిమల్ల భరత్ భూషణ్ దశాబ్దాల పాటు బతుకమ్మనీ తెలంగాణ పల్లెనీ తీశాడు. అందరినీ నిలబెట్టి తీసినవి కావవి. అయినా ఆయన బొమ్మల్లో మనుషులు తమ చోట తాము ఉన్నట్టుంటారు. పక్కన ఎంతకాలం కూచున్నాడన్నది ఫోటోలో తెలిసిపోతుంది. నేను గట్టు మీద నిలబడింది పది నిమిషాలు.

మళ్ళీ వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఈసారి ముందు కబురు పెట్టి, ఒక ఆదివారం సాయంత్రం. ఏడుగురిలో ఐదుగురు దిగారు. తలలు దువ్వుకుని, పెట్టెలోంచి తీసిన చీరలు కట్టుకుని వచ్చారు. చొక్కాలు లేవు, బురద లేదు, 'శ్రమ' ఎక్కడా లేదు! ఒకామె నాట్ల కట్ట పట్టుకుని దిగుదామా అని నేనంటే విచిత్రంగా చూసింది. "రోజూ పట్టుకునేదే గద, ఫోటోల గూడనా?" అంది. ఆరో ఆమె ఊళ్ళో లేదు. ఏడో అమ్మాయి, అందరికన్నా చిన్నది, దిగనంది. "నాది వద్దక్కా. నా ఫోటో ఫోన్లల్ల తిరిగితే మా ఆయన ఊకోడు." నా నాట్ల ఫోటోలో ఆమె ఎడమ నుంచి మూడో వీపు. అది పదకొండు ఫోన్లకీ, తర్వాత ఎన్ని ఫోన్లకో వెళ్ళిందని ఆమెకి తెలీదు. ముఖం కనపడకపోవడమే ఆమెని కాపాడింది. నేను చెప్పానా అంటే, ఆ రోజు చెప్పలేదు. వారం తర్వాత చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "మొకం లేదు గద" అంది చివరికి. అడిగినట్టు అందో, సర్దుకున్నట్టు అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ ఫోటో నా దగ్గర నుంచి తీసేశాను. ఊరంతా తిరుగుతున్న దాన్ని తీసేయడం నా చేతిలో లేదు.

పెద్దామె ఒంటరిగా ఇంకొకటి తియ్యమంది. గులాబి రంగు అంచున్న చీర, నుదుట పెద్ద బొట్టు. కుర్చీ వెయ్యమంది, కూచోలేదు, దాని వెనక నిలబడింది. "నేను పోయినంక దండెయ్యనీకి" అంది మామూలుగా. వాళ్ళమ్మ పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫోటో లేదట. రేషను కార్డు మీది కుటుంబం ఫోటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయిస్తే అది అమ్మలాగా లేదట. ఆమె జీవితంలో అప్పటిదాకా దిగిన ఒంటరి ఫోటోలన్నీ ఓటరు కార్డుకో, ఆధార్‌కో, బ్యాంకు పుస్తకానికో. అన్నిటిలోనూ ఎవరో అధికారి ముందు "తల ఎత్తు, కళ్ళు మూయకు" అనిపించుకుంటూ దిగినవే. నేను కెమెరాని ఆమె కళ్ళ ఎత్తుకి దించాను. ఆమె నాకన్నా పొట్టి, అందుకని మోకాళ్ళు వంచాల్సి వచ్చింది. రెండు నిమిషాలకే నడుం పట్టేసింది. వాళ్ళంతా నవ్వారు.

పెద్దామెని అడిగి, ఆమె సరేనన్నాక, ఆ ఆదివారం జట్టుకి ఆ ఫోటో పంపాను. మెప్పు పెద్దగా రాలేదు. "బావుంది కానీ బిగుసుకుపోయినట్టుంది" అంది ఒకామె. "నాట్ల ఫోటోలో ఉన్న జీవం లేదు" అంది ఇంకొకామె. వాళ్ళు నా స్నేహితులు, ఎంత జాగ్రత్తగా చూసేవాళ్ళో నాకు తెలుసు. పదిరోజులు దీని మీద వాదించుకున్నాం. ఒకామె అడిగింది, "ఆవిడకి నచ్చడం వేరు, మంచి ఫోటో కావడం వేరు కాదా?" అని. వేరే. రెండూ ఒకటేనని నేను అనలేను. కానీ మంచి ఫోటో అంటే ఏమిటో ఇన్నాళ్ళూ గట్టు మీద నిలబడ్డవాళ్ళం మాత్రమే తేల్చుకున్నాం. ఆ తేల్చుకోవడంలో కుర్చీ వెనక నిలబడ్డావిడకి ఒక మాట ఉంటే మన కొలతలు ఇలాగే ఉంటాయా? ఆ చెయ్యి కుర్చీ మీద ఎలా ఆనించిందో చూడమన్నాను. యాభై ఏళ్ళు బురదలో పనిచేసిన చెయ్యి, ఖాళీగా, ఏ పనీ లేకుండా, కనపడాలని పెట్టిన చెయ్యి. నాట్ల ఫోటోలో పద్నాలుగు చేతులున్నాయి. ఒక్కటీ కనపడదు.

ప్రింటు వేయించడానికి ఇద్దరం కలిసి మేడ్చల్‌లో ఒక స్టూడియోకి వెళ్ళాం. కంప్యూటరు ముందున్న కుర్రాడు ఫోటో తెరిచి, "బ్యాక్‌గ్రౌండ్ మార్చాలా పెద్దమ్మా?" అన్నాడు. వెనక వాళ్ళ రేకుల ఇల్లు, దండెం మీద బట్టలు, ఒక మూల పసుపు పచ్చ బిందె. ఆ బిందె కోసమే నేను రెండడుగులు పక్కకి జరిగి తీశాను. పెద్దామె నా వైపు చూడను కూడా చూడలేదు. "మార్చు బిడ్డా" అంది. తోట చూపించాడు, గుడి చూపించాడు, మంచు కొండలు చూపించాడు. ఆమె నీలం పరదా ఎంచుకుంది. అడగకుండానే ముఖం రెండు ఛాయలు తెల్లగా చేశాడు. నేను వద్దనబోయాను. వెంచరు బోర్డుని ఎవర్నీ అడక్కుండా కోసేసింది నేనే కదా అని ఊరుకున్నాను. ఆమె తెర మీద తన ముఖాన్ని చాలాసేపు చూసుకుంది. "మంచిగున్నది" అంది.

ఆ ఫోటో ఇప్పుడు వాళ్ళింట్లో టీవీ పక్కన, ప్లాస్టిక్ చట్రంలో ఉంది. మొన్న వెళ్ళినప్పుడు వాళ్ళ మనవడు చూపించాడు. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే, "రాసుకో గనీ నా పేరు పెట్టకు" అంది పెద్దామె. అందుకే పెట్టలేదు. ఫోటో కింద కుడివైపు బంగారు రంగు అక్షరాలతో స్టూడియో పేరు, ఫోను నంబరు ఉన్నాయి. నా పేరు లేదు.